అక్కకి చేయాల్సిన ఫోన్

జర్మనీలో మా డార్మ్‌స్టాట్ తెలుగు సహవాసంలో సాక్ష్యం చెప్పడమంటే నాకు మహా సరదా. మైకు నా చేతికొస్తే పాస్టరుగారు గడియారం చూసుకునేవారు. అలాంటి నేను, కరోనా మొదలైన ఏడాది జూన్‌లో, ఆన్‌లైన్ ప్రార్థనలో చెప్పిన సాక్ష్యం పట్టుమని రెండు నిమిషాలు లేదు. "నా నోటితో ఒకరిని బాధపెట్టాను. దేవుని ముందు ఒప్పుకున్నాను. ఆయన నన్ను క్షమించాడు, ఆయనకే స్తోత్రం" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. హమ్మయ్య అనుకుని కెమెరా ఆపేసి టీ పెట్టుకున్నాను.

ఆ ఒకరు ఎవరో నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడు చెబుతాను. మార్చి మొదట్లో, ఇంకా ఏవీ మూతపడకముందు, మా సహవాసంలో ఒక చెల్లెలికి పాప పుడితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. నాకు రెండ్రోజులుగా జ్వరం. పాటలు నడిపించాల్సింది నేను. నేను లేకపోతే కూడిక జరగదని పొగరు. పారాసెటమాల్ వేసుకుని వెళ్ళాను, గొంతు చించుకుని పాడాను. వారం తిరిగేసరికి సగం మంది మంచాన పడ్డారు. బాలింత కూతురికి సాయం చేద్దామని కాకినాడ నుంచి వచ్చిన ఆ చెల్లెలి అమ్మగారు ఆసుపత్రికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

ఎవరి వల్ల వచ్చిందని వాట్సాప్ గ్రూపులో మొదలైంది. మాలో ఒక నర్సు అక్క ఉండేది. నరసాపురం మనిషి, ఇక్కడి వృద్ధాశ్రమంలో పని. ఆ రోజు కూడికలో రెండుసార్లు దగ్గింది, దుమ్ము పడక ఆవిడకి ఎప్పుడూ ఉండే దగ్గే అది. "అక్క దగ్గుతూ వచ్చింది కదా, ముసలివాళ్ళ మధ్య పని" అని రాసింది నేను. ఒక్క వాక్యం. తర్వాత ఆవిడే జబ్బుపడితే గుమ్మం దగ్గర చారు గిన్నె పెట్టినవాళ్ళు లేరు. నేనూ పెట్టలేదు. నెల తిరక్కుండా గ్రూపులోంచి వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఊరే వదిలి హానోవర్ వెళ్ళిపోయింది.

మా కింది అంతస్తులో ఒక యూదు పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఉక్రెయిన్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. బయటికి వెళ్ళొద్దని కూతురు గట్టిగా చెప్పిందని, వారానికి రెండుసార్లు నేనే సరుకులు తెచ్చి తలుపు ముందు పెట్టేదాన్ని. సెప్టెంబరులో ఒకరోజు ఆవిడ మాస్కు కట్టుకుని గుమ్మంలో కుర్చీ వేసుకుని నాకోసం కూర్చుంది.

"మా ఉపవాసపు రోజు వస్తోంది. దానికి ముందు మనుషుల్ని క్షమాపణ అడగాలి. రెండేళ్ళ కిందట నీ పోపు వాసన గురించి బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్‌కి ఫిర్యాదు చేసింది నేనే. నన్ను క్షమించు" అంది.

ఆ ఫిర్యాదు ఎదురింటాయనదే అనుకుని రెండేళ్ళుగా ఆయన్ని కొరకొరా చూస్తున్నాను. పాపం ఆయన మెట్ల మీద పలకరిస్తే మూతి తిప్పుకుపోయేదాన్ని. నవ్వాపుకోలేక, "ఇంతోటిదానికి నన్నడగాలా? దేవుణ్ణి అడిగితే పోలా?" అన్నాను.

"నేను ఫిర్యాదు చేసింది దేవుడి పోపు మీద కాదుగా" అంది ఆవిడ. "ఆయనకి చేసిన తప్పు ఆయన క్షమిస్తాడు. నీకు చేసింది నువ్వే క్షమించాలి. ఇవాళ కాదంటే మళ్ళీ వస్తాను. మూడుసార్లయినా అడగాలని మా పెద్దలు చెబుతారు."

ఆవిడ తెల్లటి జుట్టు చూశానో, ఆ మాటే తగిలిందో, మెట్టు మీద కూలబడి అంతా చెప్పేశాను. జ్వరం మాత్ర సంగతి కూడా. మా ఆయనకి కూడా చెప్పని సంగతి అది. సాక్ష్యం చెప్పాను కదా, మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"ఆమెకి తప్ప అందరికీ చెప్పావన్నమాట" అంది.

అప్పటినుంచి సంచీ కింద పెట్టినప్పుడల్లా ఒకటే ప్రశ్న, ఫోన్ చేశావా అని. లైన్ కలవలేదనేదాన్ని. డాక్టరు అపాయింట్‌మెంట్ ఉండి కుదరలేదనేదాన్ని. ముసలావిడకి ఏం పనిలేదా అని లోపల విసుక్కునేదాన్ని. ఆవిడేమో మనవడికి ఒక ఉత్తరం రాస్తుండేది. తను పోయాక తెరవాలట. ఆస్తి రాతలు కావవి, తను చేసిన తప్పులు, వాటిని ఎలా దిద్దుకుందో. దిద్దుకోలేకపోయినవి కూడా. మనవడికి ఎవరైనా తప్పులు చెప్పుకుంటారా అని అడిగాను.

"నేను మంచిదాన్నని రాస్తే వాడికి ఏం పనికొస్తుంది?"

నా కూతురు అప్పుడు కీటాకి, అంటే ఇక్కడి బాలవాడికి, వెళ్ళే పిల్ల. దానికి నేనేం రాయగలనా అని ఆలోచిస్తే సిగ్గేసింది. అయినా ఫోన్ చేయలేదు.

జనవరిలో కింది ఇంటి పెద్దావిడకి కరోనా వచ్చింది. నాలుగు రోజులకే పోయింది. అంత్యక్రియలకి ఇంటివాళ్ళనే రానిచ్చారు. ఆ శుక్రవారం దుకాణంలో అలవాటుగా ఆవిడ తినే నల్ల రొట్టె కూడా బుట్టలో వేశాను. ఇంటికొచ్చి, మూసి ఉన్న ఆ తలుపు ముందు నిలబడితే, ఫోన్ చేశావా అని అడిగేవాళ్ళు లేరు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మెట్ల మీదే కూర్చుని అక్కకి ఫోన్ చేశాను.

"ఎవరండీ?" అంది. నా నంబరు తీసేసింది.

ఎవరో చెప్పి, ఊపిరి తిప్పుకోకుండా అన్నాను. "ఆ రోజు జ్వరం నాకు అక్కా. మాత్ర వేసుకుని వచ్చాను. మీ మీదకి తోసేశాను. నన్ను క్షమించండి."

"ఎంతుంది?"

"ఏంటక్కా?"

"జ్వరం. ఆ రోజు ఎంతుంది నీకు?"

"ముప్పై ఎనిమిదిన్నర."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండ్రోజుల నుంచి."

తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండుననిపించింది.

"ముసలివాళ్ళని ముట్టుకోవాలంటే భయమేసి ఆ పని మానేశాను చెల్లమ్మా" అంది. "మీరందరూ అన్నారని కాదు. నేనూ నమ్మేశాను. ఆ కాకినాడ పెద్దమ్మగారిని నేనే చంపేశాననుకున్నాను. ఆవిడ కూతురేమో నా నంబరు బ్లాక్ చేసింది. అందుకని నన్ను క్షమించమ్మా అని నెలకో ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. తొమ్మిది రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు."