నూట యాభై మెట్లు

నా మెట్లను చూసి ఆఫీసంతా నవ్విన ఆ మధ్యాహ్నాన్ని నేనింకా క్షమించలేదు.

తొంభైల్లో ఢిల్లీలో, నెహ్రూ ప్లేస్‌లోని ఒక ఆర్కిటెక్టు దగ్గర కంప్యూటర్ మీద భవనాల నక్షాలు గీసేవాణ్ణి. అన్నిటికంటే విసుగు పుట్టించేది మెట్లు గీయడం. అందుకని ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ వరుసగా అడిగే ప్రశ్నలకు అది నా బదులు జవాబులిచ్చేది: పద్దెనిమిది మెట్లు, ఒక్కోటి నూట యాభై మిల్లీమీటర్ల ఎత్తు, ఇంత వెడల్పు. కళ్ళార్పేలోగా నల్లటి తెర మీద తెల్లటి మెట్లు లేచి నిలబడేవి. ఆఫీసులో అందరూ వాడుకున్నారు. బాగుందని ఒక్కరూ అనలేదు.

ఆ ఎండాకాలం సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించారు. మా సార్ ఒక క్లయింటును వెంటబెట్టుకొచ్చి, మెట్లు చూపించమన్నారు. నేను మీట నొక్కాను. మెట్లు లేచాయి, కొంచెం పక్కకి వాలాయి, పై అంతస్తు దాటాయి, కప్పు దాటాయి, తెర అంచు దాకా పోయి చీకట్లో కలిసిపోయాయి.

“అరే మద్రాసీ, నీ మెట్లు సీదా స్వర్గానికి పోతున్నాయే!” అన్నాడు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. పదేళ్ళ సీనియర్. నా ఊరి పేరు ఎన్నిసార్లు చెప్పినా అతనికి నేను మద్రాసీనే. క్లయింటు కూడా నవ్వాడు.

సార్ మాత్రం నవ్వలేదు. “శనివారం లోపు సరిచెయ్. లేదంటే అన్ని మెషీన్లలోంచీ తీసేద్దాం.”

ఆ ఆఫీసులో నాది అని చెప్పుకోవడానికి ఆ ప్రోగ్రాం ఒక్కటే ఉండేది. కుర్చీ కూడా వీపు విరిగినది, ఎవరో వద్దనుకుంటే నాకు వేశారు.

రెండు రోజులు ఆ మెట్ల ముందే కూర్చున్నాను. బయట వడగాడ్పు కిటికీలను కొడుతూ ఉండేది, లోపల కూలర్‌లోంచి తడిసిన గడ్డి వాసన వచ్చేది. చూస్తూ చూస్తూ నేనే ఆ మెట్లెక్కుతున్నట్టు అనిపించేది. కింద ఫ్లైఓవర్లు, ధూళి, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ బట్టతల, అన్నీ చిన్నవైపోయేవి. మొండితనంతో తెరను జరుపుకుంటూ మెట్లు లెక్కపెట్టాను. సరిగ్గా నూట యాభై. రెండుసార్లు లెక్కపెట్టినా నూట యాభయ్యే.

శుక్రవారం సాయంత్రం మునిర్కాలో మా గదుల ఇరుకు మెట్ల మీద పక్కింటి ఆంటీ ఎదురయ్యారు. కోస్తా నుంచి వచ్చిన నర్సు, డ్యూటీ దిగి వస్తున్నారు.

“ఏంటబ్బాయ్, మొహం అలా వేలాడేశావ్?”

“ఆఫీసులో కొత్త వెర్షన్ వచ్చిందాంటీ. నా పని పాడైంది.”

“మా హాస్పిటల్లోనూ కొత్త ఫారం వచ్చింది. పేరు పైన వార్డుకి ఓ గడి కొత్తగా పెట్టారు. మా వాళ్ళు చూస్తేగా! పాత అలవాటున రాసుకుంటూ పోయారు. పేరెళ్ళి వార్డులో పడింది, వయసెళ్ళి పేరులో పడింది. ఇవాళ మంచం మీద ఒకాయన పేరు అరవై రెండు!”

ఆవిడ నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయారు. నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. నూట యాభై నేనిచ్చిన ఎత్తు. అది మెట్ల సంఖ్య ఎందుకైంది? ముందు ఇంకో ప్రశ్న వచ్చి చేరింది కాబట్టి.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. కొత్త వెర్షన్ మొదట, ఎంత వాలుగా గీయాలని అడుగుతోంది. నా పద్దెనిమిది దానికి పోయింది. వాలు అక్కర్లేదంటే ఆ ప్రశ్నకు ఉత్త ఎంటర్ కొడితే చాలు. ప్రోగ్రాంలో ఎంటర్ అంటే మధ్యలో ఏమీ లేని రెండు కొటేషన్ గుర్తులు. అవి పెట్టాను. పద్దెనిమిది మెట్లు నిటారుగా, బుద్ధిగా పై అంతస్తుకు చేరి ఆగాయి.

“బస్, ఇంతేనా?” అన్నాడు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్.

“ఒక్క ఎంటర్‌కి మూడు రోజులా?” అన్నారు సార్. కానీ తీసెయ్యలేదు.

ఆ మాటలు రెండూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటితో పాటు ఒక ఫ్లాపీ కూడా. అందులో సరిచేయని ప్రోగ్రాం ఉంది. దాన్ని చదివే మెషీన్ ఇప్పుడు నా దగ్గర లేదు. అయినా కళ్ళు మూసుకుంటే ఆ మెట్లు కప్పు దాటి, కొంచెం వాలుగా, చీకట్లోకి వెళ్తూ కనిపిస్తాయి. నూట యాభయ్యో మెట్టు మీద కూర్చుంటాను. అక్కడికి ఎవరి నవ్వూ వినపడదు.