హైబ్రిడ్ బండికి మామూలు బ్యాటరీ

కారు కొనేటప్పుడు మా బావ ఒప్పుకోలేదు. బావంటే మా అక్క భర్త. కల్లూరులో వ్యవసాయం. ముప్పై ఏళ్లుగా డీజిల్ బండ్లే నడిపిన మనిషి. నేను మైల్డ్ హైబ్రిడ్ కావాలనగానే షోరూమ్‌లోనే పక్కకు పిలిచాడు.

"ఏందమ్మా ఇది? ఉత్త బ్యాటరీ మీద పది అడుగులన్నా నడుస్తదా?"

"నడవదు బావా. ఇంజన్‌కు సాయం చేస్తది, అంతే."

"గంత దానికి ఎక్కువ పైసలెందుకు మరి?"

నేను ఫిజియోథెరపిస్టును. సారపాకలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్లలో నడవలేని పిల్లల ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. అవసరమైతే వాళ్లను ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్తాను. బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని సీటు కింది చిన్న బ్యాటరీ దాచుకుంటుందనీ, బండి కదిలేటప్పుడు దాన్ని ఇంజన్‌కు అందిస్తుందనీ, ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ దానంతటదే ఆగుతుందనీ షోరూమ్‌వాళ్లు చెప్పారు. నాకు నచ్చింది. కొన్నాను.

నిజం చెప్పాలంటే అడవి రోడ్ల మీద పెద్ద తేడా కనిపించలేదు. భద్రాచలం బజారులో, గోదావరి వంతెన మీద లారీల వెనక ఆగి ఆగి పోయేటప్పుడు మాత్రం పెట్రోల్ మిగిలేది.

మూడో ఏడు ఎండాకాలంలో ఒక పొద్దున బండి స్టార్ట్ కాలేదు. బానెట్ కింద ఉండే పెద్ద బ్యాటరీ అయిపోయింది. దుకాణం ఆయన, "హైబ్రిడ్ బండికి వేరే రకం వెయ్యాలె, తెప్పించేసరికి రెండు రోజులైతది" అన్నాడు. మర్నాడే ఒక పాపకు ఖమ్మంలో ఆపరేషన్. తల్లీబిడ్డలను తీసుకెళ్తానని మాటిచ్చాను. మామూలుదే వెయ్యమన్నాను. ఆపరేషన్ సమయానికే జరిగింది. బ్యాటరీ సంగతి మర్చిపోయాను.

కొన్ని నెలలకు ట్రాఫిక్‌లో ఇంజన్ దానంతటదే ఆగడం మానేసింది. మెకానిక్ చూసి, సీటు కింది బ్యాటరీ పోయిందన్నాడు. దాని ధర నేను భరించలేనంత ఉంది. ఫోన్‌లో బావ, "నేను అప్పుడే చెప్పిన" అన్నాడు. బండి అమ్మేద్దామనుకున్నాను. ఎంతో ఇష్టపడి కొన్న వస్తువు, రోజూ స్టీరింగ్ పట్టుకున్నప్పుడల్లా మోసపోయానని గుర్తుచేసేది.

అప్పుడే మా వీధిలో ఉండే ఒక అమ్మాయి బండి చూస్తానంది. వాళ్ల నాన్న పేపర్ మిల్లులో కాంట్రాక్టు కూలీ. ఆమె ఐటీఐ చదివి ఖమ్మంలో ఒక కార్ల వర్క్‌షాపులో పనిచేస్తూ ఆదివారాలు ఇంటికొచ్చేది. మీటరు పెట్టి అరగంట చూసి అడిగింది.

"బానెట్ కింది బ్యాటరీ ఎప్పుడు మార్చిన్రు మేడం?"

పాప ఆపరేషన్ హడావుడిలో మామూలుది వేయించిన సంగతి చెప్పాను.

"సీటు కిందిదానికి ఏం కాలే. ఇదే సరిపోతలేదు. ఇంజన్ ఆగినప్పుడల్లా లైట్లు, ఫ్యాన్ దీని మీదనే నడవాలె. మామూలుది ఓపదు, అందుకే బండి ఇంజన్‌ను ఆపుతలేదు."

సిగ్గేసింది. "అయితే తప్పు నాదే" అన్నాను.

"పాప ఆపరేషన్ కోసమే కదా మేడం. మీ జాగల నేనున్నా అదే చేస్తుంటి."

సరైన బ్యాటరీకి మామూలుదానికంటే ఎక్కువే అయింది. కానీ వేసిన మర్నాడు వంతెన దగ్గర ఇంజన్ మెత్తగా ఆగి, క్లచ్ తొక్కగానే లేచింది. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

వాళ్లింటికి వెళ్లి ఇలాంటి బండి అందరికీ లాభమేనా అని అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "హైవే మీద తిరిగేటోళ్లకు మామూలు పెట్రోల్ బండి చాలు. గిట్ల ఆగుకుంట పోయేటోళ్లకు మంచిది." అమ్మేవాళ్లెవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

"నువ్వే ఇక్కడ షాపు పెట్టొచ్చు కదా?"

"ఆడపిల్లకు బానెట్ ఎవరు తీస్తరు మేడం?"

"నేను తీసిన కదా" అన్నాను.

తెలిసిన ఇద్దరు టీచర్లను ఆమె దగ్గరికి పంపాను. వాళ్లు మరికొందరిని పంపారు. ఏడాది తిరిగేసరికి ఆమె ఉద్యోగం మానేసి సారపాకలోనే రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. బోర్డు మీద అక్షరాలు తనే రాసుకుంది.

మొన్న హైదరాబాదులో ఎలక్ట్రిక్ బండ్ల పని నేర్చుకోవడానికి బయల్దేరింది. బస్టాండు దాకా నేనే దింపాను. షెడ్డు మూసి వెళ్తే వచ్చేవాళ్లు వేరే చోటికి పోతారేమో అన్నాను.

"పది రోజులే కదా, ఆగుతరు మేడం" అంటూ బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సెక్కింది.