ఆఖరి కుర్చీ

మా మామకు మోకాలి ఆపరేషన్ అయిన ఏడు, ఈస్టర్ ముందు వచ్చే గురువారం ఆయన బదులు నన్ను చర్చిలో కూర్చోమన్నారు. ఆ సాయంత్రం పూజలో ఫాదర్ పన్నెండుమంది కాళ్లు కడుగుతాడు, యేసు తన శిష్యులకు కడిగినట్టు. నాది నర్సంపేట వైపు వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. వరంగల్‌లో అత్తగారింటికి వెళ్లినప్పుడల్లా, మెల్లగా నన్ను మతంలో కలిపేసుకుంటారేమోనని అనుమానంగానే ఉండేది.

"అత్తమ్మా, కూసుంటే నేను మీ మతంల కలిసినట్టేనా?" అని అడిగాను.

"ఏం లేదు బిడ్డా. కాళ్లు సాపుతే ఫాదర్ కడుగుతడు. అడిగిన, ఒప్పుకున్నడు."

ఆయన అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని ఇంకో అనుమానం మొదలైంది.

చర్చిలో నాకు వరుస చివరి కుర్చీ చూపించారు. ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టాడు. "యూదులు పాస్కా పండుగ భోజనానికి కూసున్నప్పుడు, మా తాతలు ఐగుప్తు దేశంల బానిసత్వం నుంచి బయటపడ్డరని ఊకోరు. మేమే బయటపడ్డం అంటరు. మనం గూడ అంతే. యేసు అప్పుడెప్పుడో కడిగిండని యాది చేసుకుంటలేం. ఇయ్యాల కడుగుతాండు."

వేల ఏళ్ల కిందటిది ఇవాళ ఎట్లా జరుగుతుంది? మాటల గారడీ అనుకున్నాను. ఇంతలో వెనక బెంచీలో ఎవరో గొంతు తగ్గించి, "ఆఖరి కుర్చీ ఇస్కరియోతు యూదాది" అన్నారు. ఆ పన్నెండుమందిలో ఒకడై ఉండి యేసును పట్టించినవాడని నాకూ తెలుసు. బయటివాణ్ణని కావాలనే ఇక్కడ కూర్చోబెట్టారని ఒళ్లు మండింది.

లేచిపోదామనుకునేలోపు ఫాదర్ మిగతావాళ్లవి కడిగేసి నా ముందుకొచ్చాడు. పెద్దాయన. కుర్చీ పట్టుకుని కష్టంగా మోకరిల్లాడు. వేళ్ల సందులు కూడా కడిగి, తుడిచి, పాదం మీద ముద్దు పెట్టాడు. ఇది నిజంగా ఇవాళే జరుగుతుంటే, యేసు తనను పట్టించేవాడి కాళ్లని తెలిసే కడుగుతున్నాడన్నమాట. లేచిపోలేదు, పూజ అయ్యేదాకా కూర్చున్నాను.

అయినా బయటికి రాగానే అత్తమ్మను నిలదీశాను.

"అది మీ మామ కుర్చీ బిడ్డా. అండ్ల కూసునేటందుకు ఎవ్వలు ముందటికి రారు. ఏటా ఆయనే అడిగి కూసుంటడు."

ఆ మాటా పూర్తిగా నమ్మలేదు. మర్నాడు దవాఖానకు పోయి మామనే అడిగాను.

"నిజమే. నీళ్లు సల్లగున్నయా?" అన్నాడాయన.

"గోరువెచ్చగున్నయి మామా."

"నాకెప్పుడు సల్లటియే. నీ కోసం ఫాదర్ కాగబెట్టిచ్చినట్టున్నడు."

ఆయన కాలి కింద దిండు సర్దాను.