ఒకే మొదలు, రెండు రకాల కాయలు

1959 ఎండాకాలం. గిద్దలూరు బ్లాక్‌లో గ్రామసేవికగా చేరి ఏడాది అయింది. ఊళ్లు తిరిగి పొగలేని పొయ్యిలు కట్టించడం, పెరటి తోటలు వేయించడం మా పని. నాతోపాటు చేరిన సుగుణ ఏ ఇంటికి వెళ్లినా గడప దాటకముందే “అవ్వా”, “అక్కా” అంటూ కలిసిపోయేది. నాకు మాట గొంతు దాటేది కాదు. చదువంతా నాది, పేరంతా ఆమెది అని డైరీలో ఎన్నిసార్లు రాసుకున్నానో.

ఒకరోజు మేకలు కాసే గంగమ్మ ఇంట్లో పొయ్యి కట్టించడానికి వెళ్లాం. ఆమె కొడుకు సుబ్బన్న బావి దగ్గర ఒక చెట్టు చూపించాడు. పన్నెండేళ్ల కిందట వాళ్ల నాయన నంద్యాల నుంచి తెచ్చి నాటాడట. అదేం చెట్టో చెప్పకుండానే చనిపోయాడు. ఒక కొమ్మకు మట్టిరంగు గుండ్రటి కాయలు, ఇంకో కొమ్మకు వేపపండ్లంత పసుపు పండ్లు.

“పసుపుది పాలపండే. అడవిలో మేకల ఎంబడి పోయినప్పుడు తింటాం. ఆ మట్టికాయ ఏందో! ఒక కడుపున రెండు జాతులు పుడితే ఇంటికి చేటు. కొట్టేయరా అంటే ఈడు వినడు,” అంది గంగమ్మ.

“నాయన పెట్టిన చెట్టు. ఎట్ల కొట్టేది?” అన్నాడు సుబ్బన్న.

మట్టికాయ సపోటా. అప్పటిదాకా బొమ్మలోనే చూశాను గానీ ఆకు చూడగానే పోల్చుకున్నాను. పాలమొక్క మొదలుకు సపోటా కొమ్మ అతికిస్తారని, ఆ మొదలును రూట్‌స్టాక్ అంటారని, దాని చిగుళ్లు తుంచకపోతే అవీ పెరిగి కాస్తాయని పుస్తకంలో చదివాను. నోరు తెరిచేలోగా సుగుణ అందుకుంది.

“రెండు గింజలు ఒకే గుంతలో పడింటాయి అవ్వా! పాలచెట్టును వేళ్లతో సహా పెకిలిస్తే సరి.”

“ఎంత తెలివి ఈ పిల్లకు!” అని గంగమ్మ మెటికలు విరిచింది.

నా ఒళ్లు మండింది. పెకిలించనీ, చెట్టు ఎండిపోయాక ఈమె తెలివి బయటపడుతుంది అనుకుని ఊరుకున్నాను.

సుబ్బన్న గడ్డపార తెచ్చాడు. మొదటి పోటుకే ఒక వేరు తెగి పాలు కారాయి. అతను “నాయనా” అని గొణిగి, తెగిన చోట మట్టి అద్దాడు. అది చూడలేకపోయాను.

“ఆపన్నా! రెండింటికీ వేరు ఒకటే. ఇది అంటు చెట్టు!”

గంగమ్మ నాలుగడుగులు వెనక్కి వేసింది. “అంటా? మైలచెట్టు తెచ్చి నీళ్లబావి కాడ పెట్టినాడా మీ నాయన!”

ఆ అంటు కాదని చెప్పబోయి తడబడ్డాను. సుగుణే పగలబడి నవ్వింది. “ముట్టంటు కాదవ్వా, అంటుమామిడి అంటు! కొమ్మను ఇంకో మొదలుకు అంటించేది.” నా వైపు తిరిగి, “నాకు తట్టలేదే. మిగతాది నువ్వే చెప్పు,” అంది.

చెట్టు మొదలు దగ్గర ఉబ్బిన అతుకు చూపించాను. దాని కింద నుంచి లేచిన పాలకొమ్మను మాత్రమే సుబ్బన్న నరికాడు. చెట్టు నిలిచింది.

వచ్చేటప్పుడు గంగమ్మ సపోటాకాయలు సుగుణ కొంగులోనే పోసింది. ఆమె మీద నా అసూయ ఆ తర్వాతా పోలేదు. కానీ తెలిసిన మాట మళ్లీ ఎప్పుడూ దాచుకోలేదు, తడబడుతూనైనా చెప్పేశాను. ఆ రోజు సుగుణ తెలియక చెప్పింది, నేను తెలిసి ఊరుకున్నాను. పోటు మాత్రం సుబ్బన్న నాయన చెట్టుకు పడింది.