ఆర్లిస్ గారి పేరు పెట్టిన రికార్డింగ్

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. హాస్టల్లో ఎవడైనా అలాంటి కథ మొదలుపెడితే "నువ్వు చూశావా, మీ మామయ్య చెప్పాడా?" అని అడిగి వాడి పరువు తీసేవాణ్ణి. నా ఉద్యోగం కూడా అలాంటిదే. అమెరికాలో, సన్నీవేల్‌లో ఒక కంపెనీలో టెస్ట్ ఇంజినీర్ని. ఆన్‌లైన్ మీటింగుల్లో మనిషి గొంతు ఉంచి, కుక్క అరుపూ మిక్సీ మోతా చెరిపేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటం నా పని. "వినిపించలేదు" అని ఎవరన్నా ఊరుకోను, ఆధారం చూపించమంటాను.

అందుకని ఇది మిమ్మల్ని నమ్మించడానికి రాయడం లేదు. మీ స్థానంలో నేనుంటే నేనే నమ్మను. నా దగ్గరున్న ఆధారాలు వరసగా పెడతాను, అంతే.

ఆర్లిస్ గారు మా అమ్మాయి శ్రీయకి శాక్సోఫోన్ నేర్పిన మాస్టారు. ఆఫ్రికన్ అమెరికన్, మేము చేరేనాటికే డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇక్కడే మేముండే డబ్లిన్ అనే ఊళ్ళో కూరగాయలు కొనుక్కునే ఇండియన్ స్టోర్ పక్కన వాయిద్యాలు అమ్మే షాపు ఉంది. దాని వెనకగదిలో, అట్టపెట్టెల మధ్య కుర్చీ వేసుకుని పాఠం చెప్పేవారు. మెచ్చుకోవడం ఉండదు, తిట్టడం ఉండదు. "అగైన్" అనేవారు, అంతే.

సంగీతం మీద ప్రేమతో చేర్పించామని అబద్ధం చెప్పను. మావాళ్ళ పిల్లలందరూ వయొలినో, కర్ణాటక గాత్రమో నేర్చుకుంటున్నారు. జాజ్ అయితే కాలేజీ అప్లికేషన్‌లో డిఫరెంట్‌గా కనిపిస్తుందని మా ఆవిడ సునీతకి ఎవరో ఆంటీ చెప్పింది. ఐదేళ్ళపాటు అమ్మాయిని ఆ గుమ్మం దగ్గర దింపడం, పక్కన గోంగూర కట్టలు కొనుక్కోవడం, మళ్ళీ ఎక్కించుకుని రావడం. ఆయనెవరో ఏమిటో ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు.

శ్రీయ హైస్కూల్ చివరి సంవత్సరంలో ఆయనే ఓ ఆదివారం మధ్యాహ్నం మమ్మల్ని ఓక్లాండ్ రమ్మన్నారు. అక్కడొక చిన్న హాలు. డెనీస్ అనే ఆవిడ ప్రతి ఆదివారం అక్కడ తన ట్రియోతో వాయిస్తుంది. ట్రియో అంటే ముగ్గురే: ఆవిడ ఆర్గన్, ఒక గిటార్, ఒక డ్రమ్స్. వాళ్ళ ముందు నిలబడి ఆర్లిస్ గారు శాక్సోఫోన్. డెనీస్‌కి అరవై దాటాయి. చెప్పులు విప్పేసి, రెండు చేతులతో పైన మెట్లు నొక్కుతూ, కింద చెక్కల్ని ఎడంకాలితో తొక్కుతూ మొత్తం హాలుని ఊపేస్తుంది.

ఆయన సంగతి చెప్పింది డెనీసే. యాభై ఏళ్ళు ఇతరుల రికార్డుల్లో వాయించారట. అందులో కొన్ని నాకూ తెలిసినవే, ఆఫీసు లిఫ్ట్‌లో కూడా వినిపిస్తాయి. అట్ట మీద ఇంకెవరిదో పేరు. వెనక చిన్నక్షరాల్లో ఈయన పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సొంత పేరుతో ఒక్కటీ రాలేదు. వయసులో ఉండగా ఒకటి చేశారు కానీ అది బయటికి రాలేదంది. ఎందుకు రాలేదో ఆవిడకీ తెలియదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మేమైతే ఆ చెట్టు పక్కనే నిలబడి గోంగూర బేరం చేశాం.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను.

శ్రీయకి సిఫారసు లెటర్ కావాలంటే ఆయన చేత్తో ఒక పేజీ రాసిచ్చారు. "ఈ పిల్ల వాయించే ముందు వింటుంది" అన్నది అందులో మొదటి వాక్యం. మేం పెట్టుకున్న కాలేజీ కౌన్సెలర్ వీడియో కాల్‌లో మా కళ్ళముందే ఆయన పేరు నెట్‌లో కొట్టి చూశాడు. ఏమీ రాలేదు. ఆల్బమ్ లేదు, పేజీ లేదు, ఫోటో లేదు. "ఈ లెటర్ వల్ల ఉపయోగం ఉండదండీ" అని పక్కన పెట్టించేశాడు. మేమూ పెట్టేశాం.

మరుసటివారం ఆయన, లెటర్ వాళ్ళకి నచ్చిందా అని అడిగారు. నోరు మూసుకుని "నచ్చింది సార్" అంటే పోయేది. నెట్‌లో మీ పేరు రావడం లేదు సార్, అందుకని వాడలేదు అన్నాను. ఉన్నమాట చెబుతున్నానన్న పొగరు కూడా ఉందేమో. ఆయన చాలాసేపు శాక్సోఫోన్ మూతిని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. ఇప్పుడు తల్చుకున్నా నాకు తల కొట్టేసినట్టుంటుంది.

చివరికి, నీ పని మైకులతోనే కదా అన్నారు. నా పేరు మీద ఒక్క రికార్డింగ్ తీసిపెట్టు. నేను పోయాక ఎవరైనా ఆ పేరు కొడితే ఏదో ఒకటి రావాలి. ఆ ఒక్కటే అడిగారు. ఐదేళ్ళలో ఆయన మమ్మల్ని అడిగిన మొదటి సాయం, ఆఖరి సాయం అదే.

రికార్డింగ్ మార్చిలో, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, అదే హాల్లో. ఎనిమిది మైకులు పెట్టాను. ఆర్గన్‌కి రెండు, గిటార్‌కి ఒకటి, డ్రమ్స్‌కి రెండు, ఆర్లిస్ గారి ముందు జానెడు దూరంలో ఒకటి, హాలు వెనక గోడ దగ్గర రెండు. వెనకవాటికి వేరే రికార్డర్, వేరే బ్యాటరీ. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. శబ్దాలు చెరిపే సాఫ్ట్‌వేర్ దేన్లోనూ లేదు. ముందుగా ఆయన్ని కాసేపు వాయించమని హెడ్‌ఫోన్స్‌లో విని, లెవెల్ సరిచేశాను. శుభ్రంగా వినిపించింది.

జనం నలభైమంది ఉంటారు. సునీత, శ్రీయ రెండో వరసలో ఉన్నారు.

ఆయన ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో నోటితో చెప్పరు. చెయ్యి వీపు వెనక పెట్టి వేళ్ళు చూపిస్తారు. కిందికి మూడు వేళ్ళంటే ఒక శ్రుతి, పైకి రెండంటే ఇంకోటి. ఆ ముగ్గురూ వేళ్ళు చూసి అందుకుంటారు. నాకు జాజ్ తెలియదు. ఎనభై మూడేళ్ళ మనిషి, మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, అంత పొడుగు స్వరం ఎక్కణ్ణుంచి తీస్తున్నారో మాత్రం అర్థం కాలేదు. నెమ్మదైన పాట ఒకటి వాయించినప్పుడు హెడ్‌ఫోన్స్ తీసేసి ఊరికే విన్నాను. ఏడుపొచ్చింది. ఇంత మనిషిని ఇన్నాళ్ళూ అట్టపెట్టెల మధ్య కూర్చోబెట్టామా అనిపించింది.

మధ్యలో మైకులో, "ఈ పాట నాకంటే పెద్దది, దానికి మోకాళ్ళ నొప్పులు మాత్రం లేవు" అన్నారు. జనం ఘొల్లున నవ్వారు. ఆఖర్న తన పేరు తనే చెప్పుకుని, ఇది నా రికార్డింగ్ అన్నారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చి ఫైల్ తెరిచాను. శాక్సోఫోన్ ట్రాక్‌లో గీత తిన్నగా ఉంది. అంటే అందులో శబ్దమే లేదు. కేబుల్ ఊడిందో, బటన్ నొక్కలేదో, తప్పు నాదే అనుకున్నాను. సరే, మిగతా మైకుల్లో ఉంటుంది కదా అని అవి విన్నాను.

ఇక్కడ ఒక్కమాట వివరంగా చెప్పాలి. ఒకే హాల్లో నలుగురు వాయిస్తే ఏ మైకైనా నలుగురినీ వింటుంది. వంటింట్లో మిరపకాయ పోపు పెడితే పడగ్గదిలో కూడా దగ్గొస్తుంది కదా, అలాగ. తప్పించుకోవడం కుదరదు. ఆ ఏడు మైకుల్లోనూ ఆర్గన్ ఉంది, గిటార్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, ఎవరిదో దగ్గు కూడా ఉంది. శాక్సోఫోన్ లేదు. తక్కువగా ఉండటం కాదు, అసలు లేదు. విడిగా పెట్టిన రికార్డర్‌లోనూ లేదు.

ఆయన, డ్రమ్స్ అబ్బాయి వంతులేసుకుని వాయించిన చోట డ్రమ్స్ వంతు ఉంది, ఆయన వంతులో ఆర్గన్ ఒక్కటే మెల్లగా నడుస్తోంది. ఆ ఖాళీ అయ్యాక చప్పట్లు. మోకాళ్ళ జోకు దగ్గర నిశ్శబ్దం, ఆ తర్వాత నలభైమంది నవ్వు. ఆ నవ్వు దగ్గర మాత్రం హెడ్‌ఫోన్స్ తీసేశాను.

సునీతని పిలిచాను. "మీరే ఏదో నొక్కడం మర్చిపోయుంటారండీ" అంటూ తన ఫోన్‌లో తీసి, ఆర్లిస్ గారి పేరుతో దాచుకున్న వీడియో పెట్టింది. నిమిషం లోపు వీడియో. ఆర్లిస్ గారి బుగ్గలు ఉబ్బుతున్నాయి, వేళ్ళు కదులుతున్నాయి, నుదుటి మీద చెమట కూడా కనిపిస్తోంది. వినిపించేది ఆ ముగ్గురే. సునీత రెండోసారి పెట్టలేదు. ఫోన్ బల్ల మీద బోర్లించేసింది.

"నాన్నా, మనం విన్నాం కదా? లైక్, అందరం విన్నాం కదా?" అని శ్రీయ పదిసార్లు అడిగింది.

ఆఫీసులో ఒక మిత్రుడికి ఏమీ చెప్పకుండా ఫైల్ పంపాను. ట్రియో బాగుంది, మధ్యమధ్య అంతంత ఖాళీలు ఎందుకు వదిలారు అని జవాబిచ్చాడు.

మంగళవారం ఆర్లిస్ గారు వాయిస్ మెసేజ్ పెట్టారు. నేను ఎలా వచ్చాను అని. ఆఫీసులో పని తగలబడుతున్నా మేం పైవాళ్ళకి ఒకటే చెబుతాం. అదే ఆయనకీ కొట్టాను: చాలా బాగా వచ్చింది సార్, ఇంకా మిక్సింగ్ నడుస్తోంది. శుక్రవారం మళ్ళీ అదే. పదకొండు రోజులు అలా నడిపించాను. ఏదో ఒక కారణం దొరుకుతుంది, దొరికాక చెబుదాం అనుకున్నాను. పిరికితనం, ఇంకేం కాదు.

పన్నెండో రోజు డెనీస్ ఫోన్ చేసి, ఆయన్ని హాస్పిటల్‌లో చేర్చారని, రికార్డింగ్ తీసుకురమ్మంటున్నారని చెప్పింది. ఇక తప్పలేదు. పగలు పదకొండింటికి వెళ్ళాను. మంచం మీద బాగా చిక్కిపోయి ఉన్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టి మొదటి పాట వినిపించాను. దుప్పటి మీద ఆయన వేళ్ళు తనవంతు వచ్చినచోట కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. పాట పూర్తిగా విన్నారు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

హెడ్‌ఫోన్స్ తీసి, మళ్ళీ అంతేనా అన్నారు. ఆశ్చర్యపోలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

మొదటిది కూడా ఇలాగే వచ్చిందట. అందుకే బయటికి రాలేదట. ఆ రోజుల్లో మైకులు పెట్టినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు పాపం, వాడి తప్పేం లేదు అన్నారు. వేరేవాళ్ళ పేరు పెడితే నేను బాగానే వస్తాను అన్నారు. ఇందులో అర్థం కానిదేం లేదన్నట్టు, మామూలుగా.

మళ్ళీ తీద్దాం సార్, డెనీస్ పేరు పెడదాం అన్నాను. తల అడ్డంగా ఊపారు. "అలా వచ్చింది చాలు" అని, మంచినీళ్ళు అడిగారు. నాలుగురోజుల తర్వాత పోయారు.

ఇంటికొచ్చి నా దగ్గరున్నవన్నీ వెతికాను. ఆ ఆదివారం లెవెల్ చూడటానికి ఆయన్ని వాయించమన్నానని చెప్పాను కదా, అది కూడా రికార్డయింది. శ్రీయ ఆడిషన్లకి వాడిన పాత ఫైల్ తెరిచి అందులోనే తీశాను. పేరు మార్చలేదు. "శ్రీయ టెస్ట్ 1". అసలు కచేరీకి కొత్త ఫైల్ తెరిచి ఆయన పేరు టైప్ చేశాను, వెనక రికార్డర్‌లో కూడా.

శ్రీయ టెస్ట్‌లో ఆయన ఉన్నారు. ఇరవై రెండు సెకన్లు. ఊపిరి పీల్చడం, మీటల టకటక, ఆ పొడుగు స్వరం, చివర్న "ఓకే?" అని నన్ను అడగడం. అదే మైకు, అదే కేబుల్, పావుగంట తేడా.

ఆయన సంస్మరణ సభ కూడా ఆ హాల్లోనే పెట్టారు. ఏదైనా వినిపించమని డెనీస్ అడిగితే నా దగ్గరున్నది అదొక్కటే. ఫోటోలు చూపించడానికి ల్యాప్‌టాప్ గోడ మీది తెరకి తగిలించి ఉంది. ఫైల్ నొక్కగానే తెర మీద పెద్దక్షరాల్లో శ్రీయ టెస్ట్ 1 అని పడింది. అందరూ ఆ ఇరవై రెండు సెకన్లూ విన్నారు. చాలామంది ఏడ్చారు. అయ్యాక, ఎవరితోనో వచ్చిన ఒకావిడ నా దగ్గరికొచ్చి, ఎవరీ శ్రీయ, ఎంత చక్కగా వాయించింది అంది. శ్రీయ నా పక్కనే ఉంది.

కార్లో దారంతా ఏడుస్తూనే ఉంది. "నాన్నా, నేమ్ మార్చు, ప్లీజ్. ఇవాళే మార్చు" అంది. మారుస్తానన్నాను.

మార్చడానికి పది సెకన్లు పట్టదు. ఒక పేరు చెరిపి ఇంకో పేరు కొట్టి, మళ్ళీ వినాలి. జీవితమంతా నేను చేసింది అలాంటి టెస్టులే. కాపీ తీసుకుని దాని మీద చేయొచ్చు కదా అంటారు. కాపీ తీశాను. ఆయన పేరులో మొదటి అక్షరం కొట్టాను. కాపీతో పాటు అసలుదీ ఖాళీ అయిపోతుందేమో అనిపించి, చెరిపేశాను. ఇలా ఎందుకవుతోందో నాకు తెలియదు, తెలిసినవాళ్ళెవరూ తగల్లేదు. ఫైల్ ఇంకా మా అమ్మాయి పేరు మీదే ఉంది.