మూత తీయమన్నది నేను

రాజమండ్రిలో నా పీహెచ్‌డీ అంతా ఓ నల్లటి పొడి చుట్టూ తిరిగింది. సమేరియం అనే లోహం, ఇనుము కలిపి కరిగించిన ముద్దను మెత్తగా నూరి, నైట్రోజన్‌లో గంటలకొద్దీ వేడి చేసేదాన్ని. నైట్రోజన్ పరమాణువుల సందుల్లోకి దూరి వాటిని కాస్త ఎడం చేస్తుంది. అప్పటిదాకా కొద్దిపాటి వేడికే అయస్కాంత గుణం పోగొట్టుకునే పదార్థం, ఆ తర్వాత ఎంతో వేడిని తట్టుకుంటుంది. కాకపోతే నూరిన పొడికి గాలి తగిలితే భగ్గున అంటుకుంటుంది.

మామూలుగా టొలుయీన్ అనే ద్రావకంలో తడిపి నూరేవాళ్ళం. అలా నూరినది బల్ల మీదే తెరవచ్చు. తెరిచేది మా ల్యాబ్ అటెండర్. రిటైర్మెంట్‌కి దగ్గరపడిన మనిషి, నేను బాబాయ్ అనేదాన్ని. ఆ వారం మొదటిసారి తడపకుండా నూరాను. దాన్ని గాలి చొరని పెట్టెలోనే తెరవాలి. ఆ మాట ఆయనకు చెప్పకుండానే నూరే మిల్లు ఆన్ చేసి భీమవరం పెళ్ళికి వెళ్ళాను.

మర్నాడు తిరిగొస్తూ నిడదవోలులో రైలు మారుతుండగా బాబాయ్ ఫోన్ చేశారు.

"మిల్లు ఆగిందండి మేడం గారూ. మూత తీసెయ్యమంటారా?"

"తీసెయ్యండి బాబాయ్," అన్నాను, సీటు కోసం వెతుక్కుంటూ.

కొవ్వూరు దాటుతుంటే గుర్తొచ్చింది, అది తడపకుండా నూరిన పొడని. గోదావరి వంతెన పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తలేదు.

ఆసుపత్రిలో ఆయన కుడిచేతికి మణికట్టు దాకా కట్టు. నన్ను చూసి, "మీ పొడంతా పోయిందండి," అన్నారు.

ఎంక్వయిరీలో ఎవర్నీ అడక్కుండా తనే తీశానని రాయించి, ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టారు. మా గైడ్ గారు నన్ను పిలిచి, "ఆయనే రాసిచ్చేశాడు కదమ్మా. నువ్వు కదిపితే నీ థీసిస్ ఆగిపోద్ది," అన్నారు.

నేను కదపలేదు.

మళ్ళీ చేసిన పొడికి కొలతలు ఎన్నడూ లేనంత బాగా వచ్చాయి. గైడ్ గారు అభినందిస్తుంటే తల ఎత్తలేకపోయాను. దాన్ని గట్టి అయస్కాంతంగా చేద్దామని ఇంకా వేడి పెంచితే, సందుల్లో దూరిన నైట్రోజన్ విడిపోయి మామూలు ఇనుము బయటపడింది. అయినా డిగ్రీ ఇచ్చారు.

ఆ వారమే ఆయన ఊరు కడియం వెళ్ళాను. ఆయన సెలవురోజుల్లో నర్సరీలో గులాబీలకు అంట్లు కట్టేవారని అక్కడే తెలిసింది. ఇప్పుడా వేళ్ళు వంగవు. గొట్టంతో ఇంటి ముందు మొక్కలకు నీళ్ళు పెడుతున్నారు.

"తీయమన్నది నేనేనని రాసిస్తాను బాబాయ్."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "వద్దండి. అప్పుడు అబద్ధం రాశానని నా పెన్షన్ కాగితాలు ఆపేస్తారండి."

"మరి నేనేం చెయ్యను?"

"ఏం చేస్తారండి. టీ తాగి వెళ్ళండి."

వాళ్ళావిడ గ్లాసు తెచ్చి నా చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకు అంతా తెలుసు. చల్లారిన టీ తాగి బస్సెక్కాను. మూడేళ్ళయింది. మళ్ళీ అటు వెళ్ళలేదు.