ఆమెన్ కోసం ఆగిన నిమ్మరసం

తెలంగాణ కోసం గోదావరిఖని చౌరస్తాలో రిలే నిరాహార దీక్షలు సాగుతున్న రోజులవి. పొద్దున పూలదండలతో కూర్చున్నవాళ్ళకు సాయంత్రం ఎవరో ఒక పెద్దమనిషి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేసేవారు. ఒకరోజు పూజారి, ఒకరోజు మౌల్వీ సాబ్ వచ్చారు. మా బొగ్గుగనివాళ్ళు కూర్చున్న రోజు క్రైస్తవుల తరఫున ఎవరైనా రావాలన్నారు. మా పాస్టర్ ఊళ్ళో లేడు. సంఘపెద్దనని నన్ను పంపారు.

దీక్షలో ఉన్నవాళ్ళలో అన్న ఒకడు. సొంత అన్న కాదు, గనిలో నాకు పని నేర్పినవాడు. ఆయన మొక్కేది సమ్మక్క సారలమ్మలకే. అయినా నేను టిఫిన్ ముందు కళ్ళు మూసుకుంటే, తెరిచేదాకా తన గిన్నె మూత తీసేవాడు కాదు. ఆయనకు షుగర్ ఉంది. ఇంట్లో వద్దంటున్నా వినకుండా వచ్చి కూర్చున్నాడు.

అందరికీ గ్లాసులు అందాయి. నా చేతికి మైకు వచ్చింది. అప్పటిదాకా నా ప్రార్థన విన్నది మా రేకుల షెడ్డు చర్చిలోని వాళ్ళే, అందులో సగం మంది బంధువులు. తెలంగాణ కోసం మొదలుపెట్టాను. గనుల్లో ప్రమాదాలు జరగకుండా చూడమన్నాను. కార్మికుల పిల్లలకు వారసత్వ ఉద్యోగాలు అడిగాను. మధ్యలో ఒక కన్ను కాస్త తెరిచి చూశాను, సంఘపెద్ద చేయకూడని పని. అందరూ గ్లాసులు పట్టుకుని, తలలు వంచి, కళ్ళు మూసుకుని ఉన్నారు. వాళ్ళ మర్యాదను నా భక్తి గొప్పతనం అనుకున్నాను. ముందు వరసలో మా వార్డు కౌన్సిలర్ కనిపించాడు. ఇక మా చర్చి సందుకు సిమెంటు రోడ్డు లేని సంగతి, వానాకాలపు బురదతో సహా ప్రభువుకు విన్నవించాను.

గ్లాసు కింద పడిన చప్పుడైంది. చూస్తే అన్న పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. ఒక్క గుక్క కూడా తాగలేదు.

దవాఖానకు వెళ్ళే ఆటోలో ఆయన తల నా ఒళ్ళో ఉంది. చౌరస్తాలో అంత ధారాళంగా వచ్చిన మాటల్లో ఒక్కటీ నోట రాలేదు.

గ్లూకోజు ఎక్కించాక తేరుకున్నాడు.

"తాగొచ్చు గదా అన్న," అన్నాను. తప్పు కాస్త ఆయన మీదికి నెట్టాలని చూశాను.

"నువ్వు దేవునితోని మాట్లాడుతుంటె నేనెట్ల తాగుత తమ్మీ?" అన్నాడు. మళ్ళీ తనే అడిగాడు. "కాని గా రోడ్డు సంగతి దేవునికి చెప్పినవా, కౌన్సిలర్‌కు చెప్పినవా?"

పక్కనున్న నర్సు మొహం తిప్పుకుని నవ్వింది. క్షమాపణ మీద సంఘంలో నేను చాలాసార్లు మాట్లాడాను. అడగడం మాత్రం ఆ రోజే తెలిసింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, ఫికర్ చెయ్యొద్దన్నాడు.

మా గనివాళ్ళ వంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అన్నను ఇంట్లోవాళ్ళు కూర్చోనివ్వలేదు. గ్లాసులు అందించే పని పెట్టుకుని, నన్నే పిలవాలని పట్టుబట్టాడట. నేను వద్దన్నాను.

"నువ్వు రాకుంటె ఎట్ల? రా. జల్ది ముగియ్యి, గంతే."

వెళ్ళాను. ఆకలితో ఉన్న వీళ్ళను కాపాడు తండ్రీ అని ఒక్క మాటే అన్నాను. ఆమెన్ చెప్పి కళ్ళు తెరిచాను.

గ్లాసు ఎత్తినవాళ్ళు లేరు. అందరూ తలలు వంచుకుని, కళ్ళు మూసుకుని, మిగతా ప్రార్థన కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. అన్న ఒక కన్ను తెరిచి నా వైపు చూశాడు.

"ప్రార్థన ఒడిసిందా?"

"ఒడిసింది అన్న."

"తాగుండ్రి," అన్నాడు వాళ్ళతో. "నిజంగనే ఒడిసిందట."